ఇసుక మీద సర్వపిండి

పోయిన నెలలో నా స్నేహితురాలు నన్ను ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ పక్కన కొత్తగా తెరిచిన ఒక హోటల్‌కి తీసుకెళ్ళింది. గోడల నిండా చేటలు, జల్లెడలు, ఇత్తడి గరిటెలు తగిలించి ఉన్నాయి. ఏ ఒక్కదానికీ పిండి అంటిన జాడ లేదు. మెనూ తిరగేస్తుంటే ఒకచోట నా వేలు ఆగిపోయింది. ఇసుకలో కాల్చిన సర్వపిండి, చిన్న గిన్నెల్లో, పుదీనా పెరుగుతో. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక పెద్దమనిషి పేరు, ఇది ఆయన కనిపెట్టిన వంట అని. తెప్పించుకుని తిన్నాను. అంచులు కరకరలాడుతున్నాయి, నడుమ మెత్తగా ఉంది, నువ్వులు చక్కగా వేగాయి. బాగోలేకపోతే నవ్వుకుని ఇంటికొచ్చేదాన్ని. చాలా బాగుంది. అదే నాకు కడుపుమంట.

ఆ పెద్దమనిషి పేరు ఇక్కడ రాయను. మా కాలేజీలో ఆయన్ని సార్ అనేవాళ్ళం, ఇక్కడా అలాగే అంటాను. పేరు దాచడం మర్యాద కొద్దీ చేస్తున్న పని కాదు. మా అమ్మ పేరు ఎత్తకుండా ఆయన ఇన్నేళ్ళు బతికాడు. ఆయన పేరు ఎత్తకుండా నేను ఈ నాలుగు పేజీలు రాయలేనా?

మా అమ్మ పేరు సువార్తమ్మ. పుట్టింది జనగామ దగ్గర పల్లెలో. పెళ్ళయ్యాక నాన్నతో అల్మాస్‌గూడ వచ్చింది. నాన్న లారీ మీద పోయేవాడు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. మిగతా రోజులన్నీ ఆ రెండు గదుల ఇంట్లో అమ్మా నేనూ. అప్పటికి అల్మాస్‌గూడ ఊరిని పూర్తిగా వదిలిపెట్టలేదు, కాలనీ కానూ లేదు. ఒక ప్లాటులో మేడ లేస్తుంటే పక్క ప్లాటులో బర్రెలు కట్టేసి ఉండేవి. మా ఇంట్లో పొద్దున్నే వచ్చే మొదటి వాసన వేయించిన నువ్వులది. అమ్మ స్టవ్ వెలిగించే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది, ఆ వెంటనే నన్ను తిట్టి లేపేది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో ఆమె నాలుక మీద వేసుకుని చూసేది కాదు. మూత తీసి, ఆవిరికి ముఖం పెట్టి, ముక్కుతో చెప్పేది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ విద్య నాకు ఈనాటికీ రాలేదు.

అమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. కోచింగుల కోసం వచ్చిన నలభై మంది ఉండేవాళ్ళు. సగం కోస్తా పిల్లలు, సగం మా జిల్లాల పిల్లలు. హాస్టల్ నడిపే వరలక్ష్మి గారిది తెనాలి వైపు. మనసు మంచిదే. కానీ అమ్మ పనిలో చేరిన రోజే ఆవిడ ఒక మాట అంది.

"సువార్తమ్మ అంటే పిల్లల అమ్మానాన్నలు లేనిపోని ప్రశ్నలు వేస్తారమ్మా. సుజాత అని పిలుస్తాను, ఏమీ అనుకోకు. నాకైతే ఏ పట్టింపూ లేదు. నువ్వు పెట్టిన కాఫీ నేనే తాగుతున్నాను కదా!"

అమ్మ సరేనంది. హాస్టల్ గేటు దాటి లోపలికి పోగానే ఆమె సుజాత అయిపోయేది, సాయంత్రం గేటు బయటికి రాగానే మళ్ళీ సువార్తమ్మ. నాకు చిన్నతనంలో ఇది తమాషాగా ఉండేది. కొంత వయసొచ్చాక తమాషా పోయింది.

సర్వపిండి సంగతి ఒక జనగామ పిల్లతో మొదలైంది. కొత్తగా వచ్చి, పప్పూ చారూ ముట్టకుండా ఏడుస్తూ కూర్చునేది. అమ్మ జాలిపడి ఒకరోజు ఇంటి దగ్గర సర్వపిండి చేసి, గుడ్డలో చుట్టి తీసుకెళ్ళింది. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, ఉల్లాకు, కరివేపాకు, పచ్చిమిర్చి వేసి కలిపి, సర్వ అనే గుండ్రటి గిన్నె లోపలి గోడలకి చేత్తో అద్ది, వేలితో చిల్లులు పొడిచి, నూనె చుక్కలు వేసి సన్నటి మంట మీద కాల్చేది. ఆ పిల్ల తిన్నది, గదిలో నలుగురికి పెట్టింది, మర్నాటికి నలభై మందీ అడిగారు. చిక్కంతా అక్కడే వచ్చింది. సర్వలో ఒకటి కాలాలంటే పావుగంట పడుతుంది. తీశాక సర్వని నీళ్ళలో పెట్టి చల్లార్చాలి, వేడి గిన్నెకి పిండి అద్దితే చెయ్యి కాలుతుంది, పిండి పట్టదు. అలా నలభై చెయ్యాలంటే రోజు చాలదు.

అది డిసెంబరు. మా చర్చి ఆడవాళ్ళందరూ క్రిస్మస్ కేకులు చేసుకునే రోజులు. మాలో ఎవరింట్లోనూ ఓవెన్ లేదు. పెద్ద గంజులో ఇసుక పోసి, బాగా కాగనిచ్చి, అందులో కేకు గిన్నె పెట్టి మూత వేసేవాళ్ళం. ఆ సాయంత్రం కేకు గిన్నె బయటికి తీస్తూ అమ్మ ఆగిపోయింది.

"ఎస్తేరూ, గీ ఇసుకల కేకు కాలుతుంది గదా. సర్వపిండి కాలదా?"

"ఏమో అమ్మా. సర్వ ఎట్ల పడుతది ఇండ్ల?"

"సర్వ ఎందుకే? చిన్న గిన్నెలు పెడ్త. ఒక్కపారే ఇరవై."

చెప్పినంత తేలిగ్గా కాలేదు. మొదట గిన్నెల్లో పిండి ఎండి పెంకులా అయ్యింది. సొరకాయ తురుము కలిపితే మెత్తబడింది కానీ అడుగున అంటుకుంది. పిండిని మరిగిన నీళ్ళతో కలపాలని ఒక వారం తర్వాత తేలింది. అన్నిటికంటే ముఖ్యం ఇసుక. కడిగి, జల్లించి, రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి, ఆ తర్వాత ఖాళీగా అరగంట కాచాలి. చుక్క నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి. ఇసుకలో ఏమాత్రం తడి ఉన్నా ఆవిరి పట్టి పిండి ముద్దయిపోతుంది. మూడు వారాలు మేమిద్దరం పాడైన గిన్నెలే తిన్నాం. తర్వాత హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో ప్రయోగం, ఆవిష్కరణ అని పెద్ద పెద్ద మాటలు విన్నప్పుడల్లా నాకు ఆ మూడు వారాలే గుర్తొచ్చేవి. పాత వంటని ఎంతవరకు మార్చొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది అమ్మ ఏ పుస్తకంలోనూ చదవలేదు. గిన్నె మార్చింది, మంట మార్చింది, కొలత మార్చింది, వేలితో పొడిచే చిల్లు మాత్రం మార్చలేదు.

హాస్టల్లో మొదటి ఇరవై గిన్నెలు బోర్లించిన రోజు వరలక్ష్మి గారు ఒకటి నోట్లో పెట్టుకుని, "ఇదేమిటే సుజాతా, మా తపేలా చెక్కే కదూ! కాకపోతే నీది మా అత్తగారి దానికన్నా వందరెట్లు నయం," అంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం అదే. కోస్తా పిల్లలు కూడా గిన్నెల కోసం కొట్టుకునేవాళ్ళు.

ఇంటర్ అయ్యాక నేను దిల్‌సుఖ్‌నగర్‌లోనే హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరాను. అక్కడే సార్. తెల్లటి కోటు, తలమీద టోపీ, మాటకు ముందు ఒక ఫ్రెంచి పేరు. మొదటి నెలలో ఎవరింటి వంట వాళ్ళు తెమ్మంటే నేను జొన్నరొట్టె, పచ్చిపులుసు తీసుకెళ్ళాను. ఆయన రొట్టెని రెండు వేళ్ళతో ఎత్తి క్లాసంతటికీ చూపించాడు.

"గిది ప్లేట్ల పెడితే గెస్ట్ తింటడా, పారిపోతడా? గోడకు కొట్టిన పిడకలెక్క ఉంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వినందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

తర్వాత తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. బంద్‌లు, ర్యాలీలు, ఎక్కడ చూసినా డప్పులు, పాటలు. హాస్టల్లో కోస్తా పిల్లలు కొందరు భయపడి ఇళ్ళకి వెళ్ళిపోయారు. బంద్ రోజుల్లో వరలక్ష్మి గారు గేటుకి లోపల తాళం వేసుకుని, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని టీవీ చూసేది. సార్ మారిపోయాడు. ఫ్రెంచి పేర్లు పోయి మన యాస, మన బువ్వ అనే మాటలు వచ్చాయి. తెలంగాణ ఇంటి వంటల మీద ప్రాజెక్టు రాయమన్నాడు. నేను ఇసుక సర్వపిండి గురించి పన్నెండు పేజీలు రాసి, బొమ్మలు గీసి, నాలుగు గిన్నెలు చేసి తీసుకెళ్ళి ఇచ్చాను. సార్ నాలుగూ తిన్నాడు. ప్రాజెక్టు తిరిగి ఇవ్వలేదు.

రెండు నెలల తర్వాత ఒక బంద్ రోజు హాస్టల్లో టీవీ చూస్తున్నాం. సార్ కనిపించాడు. ముందు చిన్న చిన్న స్టీలు గిన్నెలు, గంజులో ఇసుక. "మా నాయనమ్మ సర్వల చేస్తుండె. నేను దాన్ని ఇసుకల చేసుడు కనిపెట్టిన," అంటున్నాడు. యాంకరమ్మాయి చప్పట్లు కొడుతోంది.

వరలక్ష్మి గారు కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇదేమిటే, ఇది మన వంట కదూ! ఈయనెవడే? నువ్వు మాట్లాడవేం సుజాతా?"

అమ్మ టీవీ వైపే చూస్తూ, "ఇసుక సరిగ్గ కాగలే. అడుగు చూడున్రి, తెల్లగుంది," అంది. అంతే. లేచి వంటింట్లోకి పోయింది. ఆ రోజు అన్నం కొంచెం మాడింది. అమ్మ చేతిలో అన్నం మాడడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడు నేను సార్ గదికి వెళ్ళి అడిగాను. ఆయన కోప్పడలేదు, నవ్వాడు.

"ఎస్తేర్, గిప్పుడు ఎవరి పేరు చెప్పినా తెలంగాణ పేరే గదా. మనోళ్ళ వంట టీవీల వచ్చిందని ఖుష్ గావాలె. ఉద్యమంల నాది, నీది అంటరా ఎవరన్నా?"

ఉద్యమం మాది కూడా. మా చర్చి వాళ్ళం ర్యాలీల్లో నడిచాం, నేను గొంతు పోయేలా నినాదాలిచ్చాను. అదే మాటని అడ్డం పెట్టుకుని ఆయన మా ఇంట్లోంచి ఒక వంట ఎత్తుకుపోయాడు. ఆ గదిలోంచి బయటికి వస్తూ ఈయనకి ఏదో ఒకటి చెయ్యాలి అనుకున్నాను. ఏం చెయ్యాలో తెలియలేదు, ఆ కోరిక మాత్రం అన్నం తినేటప్పుడు, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, ప్రార్థనలో కూడా నాతోనే ఉండేది.

అవకాశం ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వచ్చింది. విజయవాడ హైవే మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మధ్యలో రాళ్ళ పొయ్యిలు, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం, పప్పు. వేలమంది రోడ్డు మీదే కూర్చుని తినాలి. అక్కడ సార్ రెండు వందల గిన్నెల సర్వపిండి చేస్తానని ఒప్పుకున్నాడు. టీవీ వాళ్ళు వస్తున్నారు. పిండి కలపడానికి మనిషి కావాలని నాతోనే మా అమ్మకి కబురు పెట్టాడు. నేను వద్దన్నాను. అమ్మ వినలేదు. "ఆయన కోసం కాదే. ఆడ జనం తింటరు," అంది.

ముందురోజు వాన పడింది. పక్కన కడుతున్న బిల్డింగ్ దగ్గర కుప్పలోంచి ఇసుక తెచ్చి పోశారు. సార్ చెయ్యి పెట్టి చూశాడు. చుట్టూ అరుపులు, పాటలు. అమ్మ దూరంగా పిండి కలుపుతోంది. సార్ నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు.

"ఇసుక జర తడిగున్నట్టుంది. ఏమన్నా అయితదా?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏం గాదు సార్. తడిగుంటెనే మంచిది. మాడకుంట ఉంటది."

ఆయన నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ గంటసేపు నేను పడిన సంతోషం ఇంతా అంతా కాదు. మూతల అంచుల్లోంచి ఆవిరి సన్నగా లేస్తుంటే, పండగ రోజు పిల్లలు కొత్తబట్టల వైపు చూసినట్టు చూస్తూ నిలబడ్డాను.

కెమెరా వచ్చింది. సార్ మూత తీశాడు. ఆవిరి ముఖాన కొట్టి కళ్ళద్దాలు మసకబారాయి. గిన్నె తీసి పళ్ళెంలో బోర్లిస్తే సగం ముద్ద జారిపడింది, సగం గిన్నెకే అంటుకుంది. ఇంకోటి తీశాడు, అదీ అంతే. జనంలోంచి ఎవరో అరిచారు. "సార్, గిది సర్వపిండా, జావనా?" పెద్ద నవ్వు లేచింది. నేను ఇన్నాళ్ళూ కలలు కన్నది ఆ నవ్వే.

సార్ మైకు నోటి దగ్గరకి లాక్కున్నాడు. "పిండి కలిపినామెకు తెల్వది. నీళ్ళు ఎక్కువ పోసింది. కూలోళ్ళ మీద వదిలేస్తే గిట్లనే ఉంటది." చెయ్యెత్తి అమ్మని చూపించాడు.

అందరి తలలూ అటు తిరిగాయి. అమ్మ చేతులు మణికట్టు దాకా పిండితో ఉన్నాయి. నేను నోరు తెరిచి, తప్పు నాది అని ఒక్క మాట అనాలి. జనంలోకి ఒక అడుగు వెనక్కి వేశాను. నేను వేసిన దెబ్బ సార్‌ని దాటుకుని నేరుగా మా అమ్మ ముఖం మీద పడింది.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని నెమ్మదిగా నడిచి వచ్చింది. టీవీ అమ్మాయి చేతిలోని మైకు దగ్గర నిలబడింది.

"నా పేరు సువార్తమ్మ. పిండిల తప్పు లేదు. ఇసుక తడిగుంది. ఇసుకల చేసుడు నేను కనిపెట్టిన. సార్ నా బిడ్డ రాసిన కాయితంల చూసిండు."

వెనక్కి తిరిగింది. అన్నం అయిపోయి ఖాళీ అయిన గంజుని నీళ్ళతో చల్లార్చి, మిగిలిన పిండిని పాత పద్ధతిలో దాని గోడలకి అద్దడం మొదలుపెట్టింది. కొత్త పద్ధతి చెడితే పాతది చేతిలో ఉంది, ఆమెకి అంతే లెక్క. ఇంకో నలుగురు ఆడవాళ్ళు కొంగు దోపుకుని వచ్చి కూర్చున్నారు. గంట తర్వాత బండిచక్రమంత సర్వపిండిని విరిచి జనానికి పంచారు. సార్ కూడా ఒక ముక్క తీసుకుని కెమెరా వైపు తిరిగి కొరికాడు.

ఆ సాయంత్రం టీవీలో వచ్చింది ఆ ముక్క కొరకడం ఒక్కటే. కింద సార్ పేరు. అమ్మ మాట్లాడింది ఒక్క ముక్క లేదు. తెర మూలన పిండి అంటిన చెయ్యి ఒకటి కాసేపు కనిపించి పోయింది.

ఇంటికొచ్చాక అమ్మ గడప మీద కూర్చుంది. "తడి ఇసుక పర్వాలేదని నువ్వే చెప్పినవా?"

"అవును."

"ఆయన మీద కోపముంటే ఆయన్ని తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి. నా పిండినెందుకు ఖరాబ్ చేసినవ్? అది నా చేతిది."

నాలుగోరోజు పళ్ళెంలో అన్నం పెడుతూ, "పగ పట్టుడు తప్పంటలేను. నీకు సరిగ్గ రాలే," అంది. మా అమ్మ అలాంటి మాట అనగలదని నాకు ఆ రోజు దాకా తెలియదు.

రాష్ట్రం వచ్చింది. వరలక్ష్మి గారు హాస్టల్ వదిలి వెళ్ళలేదు. మైకు దగ్గర అమ్మ మాట్లాడిన సంగతి ఆవిడకి నేనే చెప్పాను. మర్నాటి నుంచి ఆవిడ నోట సుజాత అన్న పేరు వినలేదు. పిల్లల ముందే, "సువార్తమ్మా, కాఫీ!" అని గట్టిగా పిలిచేది. ఎవరూ ఏ ప్రశ్నా వెయ్యలేదు. సార్ పెద్దవాడయ్యాడు, హోటళ్ళకి సలహాలిచ్చే స్థాయికి ఎదిగాడు. నేను వనస్థలిపురంలో చిన్న భోజన హోటల్ పెట్టుకున్నాను. మామిడికాయతో పచ్చిపులుసు, ఉల్లాకుతో జొన్న అప్పం, ఇలాంటి కొత్తవి మేమూ చేస్తాం. ఏది ఎవరికి తోచిందో వాళ్ళ పేరు బోర్డు మీద రాస్తాం, గిన్నెలు కడిగే యాదమ్మకి తోచినా సరే. ఇప్పుడు పాత వంటలకి మంచి రోజులొచ్చాయంటారు. జొన్నరొట్టెని పిడక అన్నవాళ్ళే దాన్ని అరిటాకులో పెట్టి వడ్డిస్తున్నారు. సంతోషించాలనే ఉంటుంది నాకు. కానీ అప్పుడు మా తిండిని చూసి సిగ్గుపడమన్నారు, ఇప్పుడు మా తిండిని మాకే పరిచయం చేస్తున్నారు. ఈ రెండిట్లో నాకు మొదటిదే నయం అనిపిస్తుంది. ఆ రోజుల్లో కనీసం ఆ తిండి మాది అని ఒప్పుకునేవాళ్ళు.

అమ్మ పోవడానికి ఏడాది ముందు, ఒక మధ్యాహ్నం సార్ అల్మాస్‌గూడలో మా ఇంటికి వచ్చాడు. జుట్టు నెరిసింది, ఒక కాలు ఈడుస్తున్నాడు. ఎందుకొచ్చాడో సూటిగా చెప్పలేదు. "అమ్మా, నీ చేతి బువ్వ తిని పోదామని ఒచ్చిన," అన్నాడు. ఆ గొంతులో నిజమే ఉంది. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది. వెళ్ళిపొమ్మని అనబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కూసోండ్రి సార్," అంది.

చాప వేసి, కంచం పెట్టి, వేడన్నం, పప్పు, పచ్చిపులుసు వడ్డించింది. మారు అడిగి మరీ పెట్టింది. వంటింట్లో చర్చి ఆడవాళ్ళ మీటింగు కోసం ఇసుక గంజులో ఇరవై నాలుగు గిన్నెలు కాలుతున్నాయి. సార్ మారు అన్నంలో రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి నువ్వులు వేగిన వాసన, కరివేపాకు వాసన గదంతా నిండింది. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. వంటింటి గుమ్మం వైపు చూశాడు, తర్వాత అమ్మ వైపు చూశాడు.

"అమ్మా, ఆ సర్వపిండి ఒక్క గిన్నె ఉంటే..."

అమ్మ ఇంకో గరిటె పచ్చిపులుసు ఆయన అన్నంలో పోసింది. ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు.

"అయిపోయింది సార్," అంది.

లోపల నువ్వులు చిటపటమంటూనే ఉన్నాయి. సార్ తల దించుకుని కంచంలో ఉన్నది ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాడు.